సెల్ టవర్ వచ్చాక పావురాలు దారి తప్పుతున్నాయా? పక్షుల అయస్కాంత జ్ఞానం గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "హనుమకొండలో మా బంగ్లా మీద హోమర్ పావురాలు పెంచుతున్నాను. పొద్దున ఆరున్నరకు జనగామలో వదిలితే గంట, గంటంబావులో ఇంటికి వచ్చేవి. డిసెంబర్ చివర్లో పక్క బిల్డింగ్ మీద సెల్ టవర్ పెట్టారు. సంక్రాంతి దగ్గర నుంచి కొన్ని సాయంత్రానికి చేరుతున్నాయి, కొన్ని అసలు రాలేదు. టవర్ వల్ల వాటి అయస్కాంత శక్తి పోతుందని అంటున్నారు. నిజమేనా? అసలు పక్షికి ఉత్తరం ఎటో ఎలా తెలుస్తుంది?"

నాకైతే టవర్ మీద పెద్దగా అనుమానం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే, పక్షి భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఎలా పసిగడుతుందో ముందు చూడాలి. మీ ప్రశ్న కింద చాలామంది "పావురం ముక్కులో ఇనుము ఉంటుంది, అదే దిక్సూచి" అని రాశారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. ఇప్పుడు ఆ మాట నిలబడదు.

నేను జీవశాస్త్రం వాణ్ణి కాదు. జియోఫిజిక్స్ సర్వేలో పనిచేసి రిటైరయ్యాను. వరంగల్, కరీంనగర్ గ్రానైట్ నేలల్లో మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) పట్టుకుని, నల్లరాయి డైకులు, అంటే గ్రానైట్ పగుళ్ళలో గోడల్లా నిలిచిన రాతి పొరలు, ఎటు పోతున్నాయో వెతుక్కుంటూ తిరగడమే నా ఉద్యోగం. పక్షుల పిచ్చి తర్వాత పట్టుకుంది. అందుకే నేను ఈ విషయాన్ని పక్షి వైపు నుంచి కాకుండా, అది కొలవాల్సిన క్షేత్రం వైపు నుంచి మొదలుపెడతాను. దాన్ని కొలవడం ఎంత తలనొప్పో తెలిస్తే, పక్షులు చేసే పనిలో ఏది నమ్మాలో, ఏది నమ్మడానికి ఆగాలో తేలిగ్గా తెలుస్తుంది.

వరంగల్ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం తీవ్రత సుమారు 43,000 నానోటెస్లాలు (నానోటెస్లా అంటే టెస్లాలో వంద కోట్ల వంతు). సంఖ్య పెద్దగా కనిపిస్తుంది కానీ నిజానికి చాలా బలహీనం. ఆస్పత్రిలో ఉండే 1.5 టెస్లాల ఎం.ఆర్.ఐ. యంత్రం దీనికి దాదాపు 35,000 రెట్లు. ఈ క్షేత్రానికి తీవ్రతతో పాటు వంపు కూడా ఉంటుంది. మన దేశం దక్షిణ కొసకు దగ్గరలో అయస్కాంత భూమధ్యరేఖ వెళ్తుంది, అక్కడ క్షేత్ర రేఖలు నేలకు సమాంతరంగా ఉంటాయి. అక్కణ్ణుంచి ఉత్తరానికి వచ్చే కొద్దీ అవి నేలలోకి వంగుతాయి. మన వరంగల్‌లో ఆ వంపు ఇరవై డిగ్రీల పైచిలుకు, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 66 డిగ్రీల దాకా. ఇక దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా డిగ్రీ అటూ ఇటూ మాత్రమే.

ఇప్పుడు మీ జనగామ లెక్క చూద్దాం. జనగామ నుంచి హనుమకొండకు పక్షి ఎగిరే దూరం ఏభై కిలోమీటర్ల పైన. దిశ ఈశాన్యం, కాస్త తూర్పుకు మొగ్గుతుంది. అందులో ఉత్తరం వైపు జరిగేది సుమారు ముప్పై కిలోమీటర్లు. మన అక్షాంశాల్లో ఉత్తరానికి వెళ్ళే కొద్దీ తీవ్రత కిలోమీటరుకు సుమారు 3 నానోటెస్లాలు పెరుగుతుంది. అంటే జనగామకూ హనుమకొండకూ తేడా 90 నానోటెస్లాలు, మొత్తంలో ఐదు వందల్లో ఒక వంతు. వంపులో తేడా అర డిగ్రీ. తూర్పు పడమరలకైతే చెప్పుకోదగ్గ తేడానే లేదు.

అంత చిన్న తేడాను పక్షి పట్టగలిగినా ఇంకో చిక్కు ఉంది. ఒకే చోట కదలకుండా కూర్చున్నా క్షేత్రం రోజంతా మారుతూనే ఉంటుంది. ఎండ వల్ల పైవాతావరణంలో పుట్టే విద్యుత్ ప్రవాహాలు పొద్దుటికీ మధ్యాహ్నానికీ కొన్ని పదుల నానోటెస్లాల తేడా తెస్తాయి. అందుకే మేం సర్వేకు వెళ్తే ఒక పరికరాన్ని కదలకుండా ఒకే చోట బేస్ స్టేషన్‌గా పెట్టి, రెండోది పట్టుకుని తిరిగేవాళ్ళం. సాయంత్రం బేస్ రీడింగులు చూసి రోజువారీ మార్పును తీసేస్తేనే మా అంకెలకు అర్థం ఉండేది. హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) 1964 నుంచి అయస్కాంత పరిశీలనాలయం నడుపుతున్నది ఈ మార్పుల్ని పట్టుకోవడానికే. పావురానికి బేస్ స్టేషన్ లేదు. పొద్దున ఆరున్నరకు దానికి తగిలే అంకె పదకొండు గంటలకు మారిపోయి, పక్షి కదలకున్నా పది పదిహేను కిలోమీటర్ల అవతల ఉన్నట్టు చెబుతుంది.

ఇక డైకులు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ దాకా మన గ్రానైట్‌ను చీల్చుకుంటూ డాలరైట్ డైకులు కిలోమీటర్ల పొడవున సాగుతాయి. క్వారీ వాళ్ళు బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది చాలావరకు ఇదే. దీనిలో మాగ్నెటైట్ అనే అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం ఉంటుంది కాబట్టి ఒక డైకును దాటేటప్పుడు నేల మీద రీడింగ్ కొన్ని వందల నానోటెస్లాలు ఎగిరి పడుతుంది. అంటే నాలుగడుగుల్లో జనగామ–హనుమకొండ తేడా కన్నా పెద్ద తేడా. పైకి ఎగిరే పక్షికి ఈ ఎగుడుదిగుళ్ళు కొంత చదునవుతాయి, ఎందుకంటే సన్నటి డైకు ప్రభావం ఎత్తుతో పాటు త్వరగా తగ్గిపోతుంది. అయినా అది శుభ్రమైన పటమైతే కాదు.

ఇంత లెక్క చెప్పడానికి కారణం, దారి కనుక్కోవడంలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. మిమ్మల్ని కళ్ళకు గంతలు కట్టి కారులో తీసుకెళ్ళి ఒక తెలియని ఊరి పొలంలో దింపి, చేతిలో దిక్సూచి పెట్టారనుకోండి. ఉత్తరం ఎటో తెలుస్తుంది, ఇల్లు ఎటో మాత్రం తెలియదు. ఇల్లు ఎటో తెలియాలంటే మీరిప్పుడు ఎక్కడున్నారో తెలియాలి. మొదటిది దిశ, రెండోది పటం. జంతువుల అయస్కాంత జ్ఞానం గురించి మనకు గట్టి ఆధారాలున్నవి ఎక్కువగా దిశ విషయంలోనే. పటం విషయంలో, అదీ యాభై కిలోమీటర్ల దూరానికి, నేను నమ్మడానికి తొందరపడను.

దిశ సంగతి తేలింది జర్మనీలో. 1960లలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెర్కెల్, వోల్ఫ్‌గాంగ్ విల్ట్ష్కో అనే వాళ్ళు యూరోపియన్ రాబిన్ అనే చిన్న పిట్టను పంజరంలో పెట్టి గమనించారు. వలస కాలం వచ్చేసరికి ఈ పిట్టలు రాత్రిళ్ళు కుదురుగా ఉండవు, తాము వెళ్ళాల్సిన దిక్కుకే ఎగిరెగిరి దూకుతుంటాయి. ఆకాశం, నక్షత్రాలు ఏవీ కనిపించని గదిలో పెట్టినా అదే దిక్కుకు దూకాయి. పంజరం చుట్టూ తీగచుట్టలు పెట్టి కృత్రిమంగా ఉత్తరాన్ని పక్కకు తిప్పితే, పిట్టలూ అటే తిరిగాయి. 1972లో వోల్ఫ్‌గాంగ్, రోస్‌విథా విల్ట్ష్కో దంపతులు ప్రచురించిన ఫలితం ఇంకా వింతైనది. క్షేత్రం నిలువు భాగాన్ని మాత్రమే తలకిందులు చేస్తే, అంటే ఉత్తరాన్ని అలాగే ఉంచి వంపును మాత్రం కిందికి బదులు పైకి చేస్తే, పిట్ట సరిగ్గా వ్యతిరేక దిక్కుకు దూకింది. ఉత్తర దక్షిణాలనూ వంపునూ కలిపి తిప్పేస్తే మాత్రం పిట్టకు ఏ తేడా తెలియలేదు.

అయస్కాంతపు ముల్లయితే ఇలా చేయదు. దానికి ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం తెలుసు. పక్షికి అవి తెలియవు. క్షేత్ర రేఖ ఎటువైపు నేలలోకి దిగుతోందో అదే దానికి గుర్తు, అటు వెళ్తే ధ్రువం, ఇటు వస్తే భూమధ్యరేఖ. మరి అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర రేఖలు అడ్డంగా ఉన్నప్పుడు ఏం చేస్తాయి? గార్డెన్ వార్బ్లర్లు అనే వలస పిట్టల్ని కొంతకాలం అలాంటి అడ్డ క్షేత్రంలో ఉంచి చూస్తే, ఆ తర్వాత అవి దిక్కు మార్చుకుని, అవతలి అర్ధగోళంలో ఎటు వెళ్ళాలో అటు తిరిగాయి. ఈశాన్య భారతం నుంచి మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి దక్షిణ ఆఫ్రికాకు వెళ్ళే అముర్ డేగలు కూడా ఈ రేఖను దాటాల్సిందే. వాటి మీద ఇలాంటి ప్రయోగం ఎవరైనా చేస్తే చదవాలని ఉంది.

రెండో వింత వెలుతురు. నీలి, ఆకుపచ్చ వెలుతురులో రాబిన్‌లు దిక్కు పట్టాయి. ఎర్రటి వెలుతురులో అయోమయపడ్డాయి. ఇనుప ముల్లుకు రంగుతో పనేముంది? అందుకే చూపు కన్ను వైపు మళ్ళింది. అసలు ఆలోచన 1978లోనే క్లౌస్ షుల్టెన్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పాడు. 2000లో ఆయనే మరో ఇద్దరితో కలిసి క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ పేరు బయటపెట్టాడు. కంటి రెటీనాలో ఉండే ఈ ప్రోటీన్ మీద నీలి కాంతి పడితే ఒక ఎలక్ట్రాన్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకుతుంది. అప్పటిదాకా జతగా ఉన్న రెండు ఎలక్ట్రాన్లు విడిపోయి, ఒక్కొక్కటీ ఒంటరిగా మిగులుతుంది. ఎలక్ట్రాన్‌కు స్పిన్ ఉంటుంది, స్పిన్ అంటే అతి చిన్న అయస్కాంతం. ఈ రెండు స్పిన్‌లు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉన్నాయా, ఒకే వైపుకు ఉన్నాయా అన్నది సెకనులో పది లక్షల వంతు కాలంలో అటూ ఇటూ మారుతూ ఉంటుంది. బయటి క్షేత్రం ఏ కోణంలో ఉందో దాన్ని బట్టి ఆ మార్పు లెక్క మారుతుంది, దాంతో చివర తయారయ్యే రసాయనం పాళ్ళు మారతాయి. ప్రోటీన్లు రెటీనాలో రకరకాల కోణాల్లో పేర్చి ఉంటాయి కాబట్టి, పక్షి చూపులో ఒక వైపు కాస్త ముదురుగా, ఇంకో వైపు కాస్త లేతగా ఏదో కనిపించవచ్చు. అది నిజంగా ఏం చూస్తుందో దాన్నే అడగాలి.

ఇక్కడ భౌతిక శాస్త్రం వాడిగా నేను చాలాకాలం తలూపకుండా ఉండిపోయాను. 43,000 నానోటెస్లాల క్షేత్రం ఒక అణువు మీద చూపే శక్తి, మామూలు గది వేడిలో అణువులు కదిలే శక్తితో పోలిస్తే లక్షల్లో ఒక వంతు కూడా కాదు. వేడి ముందు అది కొట్టుకుపోవాలి కదా? కానీ ఇక్కడ క్షేత్రం ఏ పనినీ బలంతో చేయించడం లేదు. ఎలాగూ జరిగిపోయే రసాయన చర్య రెండు దారుల్లో ఏ దారి పట్టాలో ఆ కొద్ది క్షణాల్లో మొగ్గు చూపిస్తుంది, అంతే. 2021లో ఓల్డెన్‌బర్గ్, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు రాబిన్ కంట్లోని క్రిప్టోక్రోమ్-4ను ల్యాబ్‌లో తయారుచేసి చూపించారు, అది అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని. అదే పరీక్షలో కోడిదీ పావురానిదీ రాబిన్ ప్రోటీన్ కన్నా తక్కువగా స్పందించాయి. ఇది మీలాంటి పావురాల వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం, రాత్రిళ్ళు వలస పోయే పిట్టకున్న పరికరమే పావురానికీ ఉందని ముందే అనుకోకూడదు.

ఇప్పుడు ముక్కులో ఇనుము కథ. పావురం పై ముక్కు చర్మంలో ఇనుము నిండిన కణాలున్నాయని, అవి నరాల చివర్లని 2000 తర్వాత కొన్ని పరిశోధన పత్రాలు వచ్చాయి. 2012లో వియన్నాలో డేవిడ్ కీస్ బృందం వందల పావురాలను కోసి చూసి, అవి నరాలు కావని, రక్తంలోని ఇనుమును ఊడ్చి శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాలని తేల్చింది. అంతకుముందే, 2006లో, ఇటలీలో అన్నా గాగ్లియార్దో బృందం ముక్కు నుంచి వచ్చే ట్రైజెమినల్ నరాన్ని కొన్ని పావురాలకు కోసింది, వాసన నరాన్ని ఇంకొన్నింటికి. ట్రైజెమినల్ కోసినవి హాయిగా ఇంటికి వచ్చాయి. వాసన కోసినవి దారి తప్పాయి. పావురం పటంలో గాలిలో వచ్చే వాసనలకు చాలా పెద్ద పాత్ర ఉందని ఇటాలియన్లు 1970ల నుంచీ మొత్తుకుంటున్నారు. నమ్మబుద్ధి కాదు కానీ వాళ్ళ దగ్గర ఉన్నన్ని గట్టి ప్రయోగాలు అయస్కాంత పటం వాళ్ళ దగ్గర లేవు.

అలాగని జీవుల్లో మాగ్నెటైట్ అబద్ధం కాదు. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ బురదలో కనిపెట్టిన బ్యాక్టీరియా లోపల మాగ్నెటైట్ రేణువుల గొలుసు ఉంటుంది. అది అచ్చంగా ముల్లే. చచ్చిన బ్యాక్టీరియా కూడా ఉత్తర దక్షిణాలుగా తిరుగుతుంది. వాటికి కావాల్సింది దిక్కు కాదు, ఆక్సిజన్ తక్కువ ఉండే అడుగు బురద. జర్మనీలో రేఖలు బాగా కిందికి వంగి ఉంటాయి కాబట్టి రేఖ వెంట ఈదితే అడుగుకు చేరతాయి. మన పాకాల చెరువులాంటి చోట అదే పద్ధతిలో ఒక మీటరు దిగడానికి రెండు మీటర్లకు పైగా అడ్డంగా ఈదాలి. భూమధ్యరేఖ దగ్గర అయితే ఈ తెలివికి పనే లేదు.

పటం నిజంగా పనిచేసే చోటు సముద్రం. అమెరికాలో కెన్నెత్ లోమన్ గుడ్డులోంచి అప్పుడే వచ్చిన లాగర్‌హెడ్ తాబేలు పిల్లల్ని నీళ్ళ తొట్టిలో పెట్టి, అట్లాంటిక్‌లో వేల కిలోమీటర్ల దూరంలోని వేర్వేరు చోట్ల క్షేత్రాన్ని కృత్రిమంగా చూపించాడు. ప్రతి చోటి క్షేత్రానికీ పిల్లలు సరైన దిక్కుకు ఈదాయి, ఆ దిక్కుకు వెళ్తే సముద్రపు సుడి ప్రవాహంలోనే ఉండిపోతాయి, చలి నీళ్ళలోకి కొట్టుకుపోవు. కెనడాలో ఫ్రేజర్ నది సాల్మన్ చేపలు సముద్రం నుంచి తిరిగొచ్చేటప్పుడు వాంకూవర్ దీవిని ఉత్తరం నుంచి చుట్టి వస్తాయా, దక్షిణం నుంచా అన్నది అక్కడి క్షేత్రం ఏటేటా కొద్దిగా జరిగే తీరుతో ముడిపడి ఉందని 2013లో చూపించారు. గమనించారా, ఇవన్నీ వందల, వేల కిలోమీటర్ల కథలు. అంత దూరంలో తేడాలు వేల నానోటెస్లాలు, పదుల డిగ్రీలు. రోజువారీ మార్పు అక్కడ లెక్కలోకే రాదు. శీతాకాలంలో మన చెరువులకు హిమాలయాల అవతల నుంచి వచ్చే పట్టితల బాతులకు ఇలాంటి పటం ఉన్నా నేను ఆశ్చర్యపోను. జనగామ నుంచి వచ్చే పావురానికి ఉందంటే మాత్రం ముందు చూపించమంటాను.

పావురాలకు దిశ విషయంలో అయస్కాంతం పనికొస్తుందనడానికి పాత ఆధారం 1971 నాటిది. కార్నెల్ యూనివర్సిటీలో విలియం కీటన్ కొన్ని పావురాలకు వీపు మీద అయస్కాంతపు కడ్డీలు, ఇంకొన్నింటికి అంతే బరువున్న ఇత్తడి కడ్డీలు అంటించి దూరం నుంచి వదిలాడు. ఎండ ఉన్న రోజు రెండూ ఇంటి దిక్కు పట్టాయి. మబ్బు రోజు ఇత్తడివి పట్టాయి, అయస్కాంతం ఉన్నవి తికమకపడ్డాయి. తర్వాత ఆయనే చేసిన మరిన్ని ప్రయోగాల్లో తేడా ఇంత స్పష్టంగా రాలేదని 1988లో బ్రూస్ మూర్ ఆ లెక్కలన్నీ తిరగేసి రాశాడు. 1974లో వాల్కాట్, గ్రీన్ పావురం తలకు చిన్న తీగచుట్ట తొడిగి ఇలాంటి ఫలితమే చూపించారు, అదీ మబ్బు రోజునే. ఇన్ని వాదాల్లోనూ మారని మాట ఒకటి: ఎండ ఉంటే పావురం మొదట సూర్యుణ్ణే వాడుతుంది. దాని ఒంట్లోని గడియారాన్ని ఆరు గంటలు జరిపితే ఎండలో అది సుమారు తొంభై డిగ్రీలు తప్పు దిక్కుకు ఎగురుతుంది. అయస్కాంతం సూర్యుడు లేనప్పటి ఏర్పాటు. తెలిసిన ప్రాంతంలోకి వచ్చాక అదీ ఇదీ వదిలేసి కళ్ళతో రోడ్లు, రైలు పట్టాలు చూసుకుంటూ వస్తాయి. ఇటలీలో జి.పి.ఎస్. కట్టి చూస్తే హైవేల వెంట ఎగిరి, కూడళ్ళ దగ్గర మలుపు తిరిగాయి. మీవి కూడా జనగామ నుంచి స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట పట్టాల వెంటే వస్తుంటే నాకు వింతేమీ అనిపించదు.

సరే, టవర్. రేడియో తరంగాలు పక్షి దిక్సూచిని చెడగొట్టగలవన్నది నిజం. దీన్ని కొట్టిపారేయకండి. 2014లో హెన్రిక్ మౌరిట్సెన్ బృందం ఓల్డెన్‌బర్గ్ ఊళ్ళో రాబిన్‌లు దిక్కు పట్టలేకపోతున్నాయని గమనించి, ప్రయోగం చేసే గుడిసెలకు అల్యూమినియం రేకు తొడిగి ఎర్తింగ్ ఇచ్చింది. పిట్టలు దిక్కు పట్టాయి. ఎర్తింగ్ తీసేస్తే మళ్ళీ తప్పాయి. ఊరి బయట పల్లెలో ఏ రేకూ లేకుండానే పట్టాయి. చెడగొట్టిన తరంగాలు సుమారు 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ మధ్యవి, అంటే మన ఏ.ఎం. రేడియో వచ్చే బ్యాండ్, చుట్టుపక్కల కరెంటు సామాను వెదజల్లే రొద. అదే బృందం తర్వాత పైకి వెళ్ళి చూసింది. 75–85 మెగాహెర్ట్జ్ దాకా చెడింది. 140 మెగాహెర్ట్జ్ దాటాక చెడలేదు. క్రిప్టోక్రోమ్ లెక్క ప్రకారం సుమారు 116 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రభావం ఆగిపోవాలి, ఫలితం దానికి సరిపోయింది. మన సెల్ టవర్లు పనిచేసేది 700 మెగాహెర్ట్జ్ నుంచి 3,500 దాకా. అంటే పక్షి దిక్సూచిని కదిలించే హద్దుకు చాలా పైన.

ఇది వలస పిట్టల మీద తేలిన సంగతి, పావురం మీద కాదు అని మీరు అడగొచ్చు. ఒప్పుకుంటాను. కానీ మీ విషయంలో ఇంకో రెండు చూడండి. టవర్ మీ ఇంటి పక్కన ఉంది. పావురానికి దిశ ఎక్కువగా అవసరమయ్యేది జనగామలో, వదిలిన మొదటి నిమిషాల్లో. అక్కడ మీ టవర్ ప్రభావం సున్నా. హనుమకొండ చేరాక దానికి గుట్టలు, చెరువులు, మీ బంగ్లా కంటికే కనిపిస్తాయి. రెండోది, జనవరిలో వరంగల్ ఆకాశం ఎక్కువ రోజులు నిర్మలంగా ఉంటుంది. సూర్యుడున్నప్పుడు అయస్కాంత జ్ఞానం పూర్తిగా పోయిందనుకున్నా పావురం ఇంటికి రావాలి. కీటన్ పావురాలు వీపు మీద అయస్కాంతం మోస్తూ కూడా వచ్చాయి.

నేను అనుమానించేవి వేరే. మీరు పొద్దున ఆరున్నరకు వదులుతున్నారు. సంక్రాంతి రోజుల్లో ఆ వేళకు జనగామ పొలాల మీద పొగమంచు ఉంటుంది, సూర్యుడు ఇంకా పైకి రాడు. పావురాలు చెట్ల మీద, కరెంటు స్తంభాల మీద కూర్చుండిపోయి ఎండెక్కాక బయలుదేరతాయి, ఆలస్యం అక్కడే మొదలవుతుంది. ఇక సంక్రాంతి అంటేనే పతంగులు. చైనా మాంజా రెక్కను కోస్తుంది. అసలు రాని మూడు నాలుగింటికి నా మొదటి అనుమానం దాని మీదే. సాయంత్రం వచ్చినవాటి రెక్కల ముందు అంచు, కాళ్ళ సందులు వేళ్ళతో తడిమి చూడండి, సన్నటి గీత, ఎండిన రక్తం దొరకొచ్చు. మూడోది పావురాల్ని వేటాడే భైరి డేగ. శీతాకాలానికి మన వైపు వస్తుంది, ఎత్తైన టవర్ల మీద కూర్చుని చూడటం దానికి ఇష్టం. అలా చూస్తే మీ కొత్త టవర్‌కు కొంత పాపం అంటవచ్చు, కానీ తరంగాల వల్ల కాదు.

కింద కామెంట్లలో వచ్చిన రెండు మాటలకు కూడా జవాబు ఇచ్చేస్తాను. బర్రెలు ఉత్తర దక్షిణాలుగా పడుకుంటాయన్నది 2008లో గూగుల్ ఎర్త్ ఫొటోలు చూసి హైనెక్ బుర్డా, సబీనా బేగాల్ వాళ్ళు ఆవుల గురించి రాసింది. 2011లో ఇంకో బృందం అలాంటి ఫొటోలే చూసి ఏ దిక్కూ లేదంది. గొడవ తేలలేదు. మన దగ్గర బర్రె ఎటు తిరుగుతుందో చెప్పాలంటే ముందు నీడ ఎటుందో, గాలి ఎటుందో చూడాలి. ఇక ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవద్దన్న నమ్మకానికి పక్షుల దిక్సూచిని సాక్ష్యం తేవొద్దు. 2019లో కాలిఫోర్నియాలో జో కిర్ష్‌వింక్ మనుషుల చుట్టూ క్షేత్రాన్ని తిప్పితే కొందరి మెదడులో ఆల్ఫా తరంగాలు తగ్గాయని చూపించాడు. వాళ్ళకు ఏమీ తెలియలేదు, నిద్ర సంగతి అందులో లేదు. మంచం ఎటు వేసుకోవాలో మీ ఇష్టం.

పావురాల రేసుల వాళ్ళు సౌర తుఫాను రోజుల్లో వదలొద్దంటారు. దానికి కొంత అర్థముంది. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చినలాంటి పెద్ద తుఫానుకు మన అక్షాంశాల్లో క్షేత్రం సుమారు 400 నానోటెస్లాలు తగ్గింది, అంటే నా లెక్కలో వంద కిలోమీటర్ల పైన తప్పు. అయితే దిశ మీద దాని ప్రభావం మన దగ్గర డిగ్రీ కూడా ఉండదు. పటం కోసం అయస్కాంతాన్ని నమ్ముకున్న పక్షికే అది నష్టం. మా సర్వేలో ఆ రోజు కొలతలు పనికిరావని పని ఆపేసేవాళ్ళం. మీకు రేసు ఉంటే మీరూ ఒక రోజు ఆగండి, నష్టమేమీ లేదు.

మీరు చేయాల్సింది ఇది. పతంగుల సందడి తగ్గాక, ఒక వారం పాటు ఎండ బాగా ఎక్కాక, తొమ్మిది దాటాక వదలండి. గుంపుగా కాకుండా ఒక్కొక్కటిగా, పది నిమిషాల ఎడంతో. గుంపులో ఒకటి తప్పితే మిగతావి దాని వెనకే పోతాయి, ఏం జరిగిందో తెలియదు. ప్రతి పావురం కనుమరుగయ్యేటప్పుడు ఏ దిక్కులో ఉందో దిక్సూచితో చూసి రాసుకోండి. జనగామలో ఈశాన్యానికి వెళ్ళి కూడా ఇంటికి ఆలస్యమైతే సమస్య దారిలో ఉంది, దిక్కులో లేదు. వదిలిన చోటే నాలుగు దిక్కులకూ చెదిరిపోతే అప్పుడు వదిలే చోటు మార్చండి, పరకాల వైపు నుంచో నర్సంపేట వైపు నుంచో చూడండి. అమెరికాలో రోడ్ ఐలండ్‌లో మాగ్నెటైట్ ఉన్న ఒక గుట్ట దగ్గర వదిలితే పావురాలు దిక్కు పట్టక చెదిరిపోయాయని వాల్కాట్ 1978లో రాశాడు. నల్లరాయి క్వారీ పక్కన వదిలే అలవాటుంటే మానుకోండి.

టవర్ మీద అనుమానం ఇంకా పోకపోతే, పాత ఏ.ఎం. రేడియో ఒకటి పావురాల గూటి దగ్గరికి తీసుకెళ్ళి, స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి వినండి. బర్రుమని మోత వస్తే ఇంట్లో ఇన్వర్టర్, ఎల్.ఇ.డి. బల్బుల అడాప్టర్లు, ఛార్జర్లు ఒక్కొక్కటీ ఆపుతూ చూడండి. ఓల్డెన్‌బర్గ్ పిట్టల్ని తికమకపెట్టిన బ్యాండ్ అదే. మోత ఎక్కువగా మీ ఇంటి నుంచే వస్తే నాకు ఆశ్చర్యం లేదు. పావురాల వీపు మీద అయస్కాంతం అంటించి ప్రయోగం చేద్దామని మాత్రం అనుకోకండి. డేగలున్న కాలంలో అదనపు బరువుతో ఎగిరే పావురం ముందు దొరికిపోతుంది.